కాన్పుకి ముందే బిడ్డకి కావాల్సినవి సిద్ధం చేసుకోవడం ఎలా: ఏడో నెల నుంచి ఇంటికి తెచ్చే రోజు దాకా

"అక్కా ఏడో నెల వచ్చేసింది, ఏమేం కొనాలో లిస్టు పెట్టవా" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. లిస్టు పెడతా, కానీ లిస్టు ఒక్కటే పెడితే సగం పనే అయినట్టు. నా మొదటి కాన్పుకి లిస్టూ ఉంది, వస్తువులూ ఉన్నాయి, అయినా రాత్రి రెండింటికి ఉమ్మనీరు పోయి హడావిడిగా హాస్పిటల్‌కి వెళ్ళాక మా అమ్మ బ్యాగు మొత్తం మంచం మీద కుమ్మరించి వెతికితే బిడ్డని చుట్టడానికి ఉతికిన మెత్తటి గుడ్డ ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. కొన్నవన్నీ కవర్లలో కొన్నట్టే ఉన్నాయి, ధర చీటీలు కూడా తీయలేదు. పక్క బెడ్డు ఆవిడ వాళ్ళ పొత్తిగుడ్డ ఒకటి ఇస్తే దాంట్లో చుట్టాం మా బాబుని.

అందుకే ఇందులో ఏం కొనాలో తక్కువ ఉంటుంది, ఏది ఎప్పుడు ఉతకాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరికి చెప్పి ఉంచాలి అనేది ఎక్కువ ఉంటుంది. మా ఖమ్మంలో ఒకటి వానాకాలంలో, ఒకటి మే నెల ఎండలో, రెండు కాన్పులు చూశాక చెప్తున్నా. మందులు, ఇంజెక్షన్లు, పాల విషయంలో మాత్రం మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

1. ఎప్పుడు మొదలుపెట్టాలి

37 వారాలు నిండితే నెలలు నిండినట్టే లెక్క, డాక్టర్ ఇచ్చిన డేట్ 40 వారాలది. అంటే ఆ డేట్‌కి మూడు వారాల ముందు ఎప్పుడైనా నొప్పులు రావచ్చు, కొంతమందికి ఇంకా ముందే వస్తాయి. డేట్ చూసుకుని "ఇంకా నెల ఉందిలే" అనుకోవద్దు.

నేను పాటించిన వరుస ఇదీ:

- 28 నుంచి 32 వారాలు: పాత బట్టలు పోగేయడం, కత్తిరించడం, కుట్టడం
- 32 నుంచి 34 వారాలు: అన్నీ ఉతికి ఎండబెట్టి మూటలు కట్టడం, చిన్నాచితకా కొనడం
- 34 వారాలకి: హాస్పిటల్ బ్యాగులు, కాగితాల ఫైలు రెడీ
- 36 వారాలకి: బిడ్డ పక్క, దోమతెర, బాలింత గది రెడీ

కవల పిల్లలైనా, బీపీ షుగర్ ఉన్నా, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు అయినా ఈ వరుస మొత్తం ఇంకో మూడు నాలుగు వారాలు ముందుకి జరపండి.

ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. కాన్పు ఏ ఊళ్ళో అయితే ఆ ఇంట్లోనే సామాను ఉండాలి. అత్తగారింట్లో కుట్టినవి అక్కడే బీరువాలో ఉండిపోయి, ఇక్కడ మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టినవాళ్ళని చూశాను.

2. "పుట్టకముందే ఏమీ కొనకూడదు" అనే ఇంట్లో ఎలా

మన ఇళ్ళల్లో చాలా చోట్ల ఈ మాట ఉంది. పెద్దవాళ్ళతో దీని మీద వాదన పెట్టుకోకండి, కడుపుతో ఉన్న మనిషికి ఆ గొడవ అవసరమే లేదు. నిజానికి ఆ పట్టింపు కొత్త బట్టల మీదే కదా, పాత గుడ్డల మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు, పైగా పుట్టిన బిడ్డకి ముందు పాత గుడ్డే వేయాలని అనేది కూడా ఆ పెద్దవాళ్ళే. ఆ మాటలో మంచి ఉంది, పదిసార్లు ఉతికిన నూలుగుడ్డ అంత మెత్తగా షాపులో ఏదీ దొరకదు.

కాబట్టి పనిని రెండు ముక్కలు చేయండి. పాత బట్టలతో అయ్యేవన్నీ ఇప్పుడే చేసేయండి. కొనాల్సినవి ఒక కాగితం మీద రాసి, పక్కనే ఏ షాపు, ఏ సైజు, ఎన్ని అని రాసి ఆ కాగితం మీ ఆయనకో తమ్ముడికో ఇవ్వండి, బిడ్డ పుట్టాక వెళ్ళి గంటలో తెచ్చేలా. "బేబీ డ్రెస్ తే" అంటే ఆరు నెలల సైజు పట్టు లంగా తెస్తారు. "ముందు ముడి వేసే నూలు జుబ్బాలు, అప్పుడే పుట్టిన సైజు, ఆరు" అని రాసి ఉంటే అవే వస్తాయి.

మీకు వాడే శానిటరీ ప్యాడ్లు, నైటీలు, థర్మామీటర్ లాంటివి మాత్రం ముందే తెచ్చుకోండి, వాటికి ఈ పట్టింపు ఎవరూ పెట్టరు.

3. పాత బట్టలు ఎంచుకోవడం, కత్తిరించడం

అమ్మ, అమ్మమ్మ, నానమ్మ కట్టిన నూలు చీరలు, నాన్న తెల్ల పంచెలు, పాత లుంగీలు, దుప్పట్లు. వీటిలోంచి ఏరండి. సింథటిక్, సిల్కు, జార్జెట్ పక్కన పడేయండి, అవి నూలులా తడి పీల్చవు. గుడ్డ మెత్తగా ఉందో లేదో చేత్తో కాకుండా మీ కనురెప్ప మీద, పెదవి మీద రుద్ది చూడండి. అక్కడ గరుకు తగిలితే బిడ్డ ఒంటికి పనికిరాదు, కింద పరిచే బొంతలోకి వేసేయండి.

రంగు పోయే చీరని గుర్తుపట్టడానికి తడిపి తెల్ల జేబురుమాలుతో గట్టిగా పిండి చూడండి, రంగు అంటితే వద్దు.

ఐదున్నర మీటర్ల నూలు చీర ఒకటి తీసుకున్నారనుకోండి. ముందు రెండు వైపులా అంచు కత్తిరించేయండి, జరీ ఉన్నా లేకపోయినా అంచు బిరుసుగానే ఉంటుంది. మిగిలిన వెడల్పుని మధ్యకి చీలిస్తే ఒక్కోటి అర మీటరు దాకా వస్తుంది. ఇక పొడుగులో కూడా అర మీటరుకొకటి కత్తిరించుకుంటూ పోతే ఒక చీరకి 20 పైనే చదరపు ముక్కలు వస్తాయి. అవే లంగోటీలు. మూలకి మడిచి త్రికోణం చేసి కట్టేస్తే సరిపోతుంది. పంచె అయితే ఇంకా మేలు, తెల్లగా ఉంటుంది కాబట్టి ఒంటేలు రంగు, దొడ్డి రంగు స్పష్టంగా కనిపిస్తుంది, డాక్టర్ అడిగినప్పుడు చెప్పడానికి వీలుగా ఉంటుంది.

పొత్తిగుడ్డలకి మాత్రం ఒక మీటరు చదరం ముక్క ఉండాలి, చిన్నదైతే బిడ్డ కాళ్ళు ఆడించగానే ఊడిపోతుంది.

కుట్టేటప్పుడు ఈ మూడూ చూడండి:

- కుట్టు బయటి వైపుకి రావాలి. లోపలి వైపు ఉంటే చంకల్లో, గజ్జల్లో ఒరుసుకుని ఎర్రగా అవుతుంది.
- హుక్కులు, బొత్తాలు, పిన్నీసులు, బిగుతు ఎలాస్టిక్ వద్దు. గుడ్డ నాడాలు చాలు. మెడ దగ్గర నాడా పొడుగ్గా వేలాడకూడదు.
- వేలాడే దారాలు ఒక్కటి కూడా వదలకండి.

ఈ మూడోది మామూలు జాగ్రత్త అనుకుంటారు, కాదు. చేతి తొడుగులు, సాక్సుల లోపల ఊడిన దారం బిడ్డ వేలికో కాలివేలికో చుట్టుకుపోతే రక్తం ఆడక వేలు ఉబ్బి నల్లబడే ప్రమాదం ఉంది, అమ్మ తలవెంట్రుక చుట్టుకున్నా అంతే. బిడ్డ ఎందుకు ఏడుస్తోందో తెలియనప్పుడు వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూడాలి. కొత్త తొడుగులు కొన్నా లోపలికి తిప్పి దారాలు కత్తిరించి, మళ్ళీ తిప్పి దాచండి.

4. ఉతకడం (కలరా ఉండల సంగతి ఇక్కడే ఉంది)

బీరువాలోంచి తీసిన పాత చీరలకి కలరా ఉండల వాసన ఉంటుంది. దయచేసి ఆ వాసనతో ఉన్న గుడ్డలో బిడ్డని చుట్టకండి. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది, అది బయటికి కనపడదు, అలాంటి బిడ్డకి ఈ నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు బాగా ఎక్కువైపోతాయి. పుట్టిన పిల్లలకి మామూలుగానే కొద్దిగా పచ్చకామెర్లు వస్తుంటాయి, దాని మీద ఇది తోడైతే చాలా ప్రమాదం.

ఏం చేయాలంటే, ముందు రెండు మూడు రోజులు ఆ చీరల్ని విప్పి ఎండలో, గాలి ఆడేచోట వేయండి. తర్వాత వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి మళ్ళీ ఎండలో ఆరేయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా వాసన వస్తోందా, ఇంకోసారి ఉతకండి, అప్పటికీ పోకపోతే ఆ చీర వదిలేయండి. ఇక బిడ్డ బట్టలు పెట్టే అరలో ఆ ఉండలు అస్సలు ఉండకూడదు. పురుగు పడుతుందని భయం ఉంటే ఎండు వేపాకు గుడ్డలో మూట కట్టి అర మూలన పెట్టండి, అది కూడా బట్టల మధ్యలో కాదు.

కొత్తగా కొన్నవి కూడా ఒకసారి ఉతకాల్సిందే, గంజి, రంగు, గోడౌన్ దుమ్ము పోవాలి కదా.

- వాసన ఎక్కువ లేని సబ్బు, తక్కువ మోతాదులో
- కంఫర్ట్ లాంటి వాసన లిక్విడ్లు వేయొద్దు, డెట్టాల్ కూడా రోజూ అక్కర్లేదు
- సబ్బు నురగ పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్ళు జాడించాలి, మిగిలిన సబ్బు వల్ల దద్దుర్లు రావచ్చు
- ఎండలో ఆరేయడం, వానాకాలం అయితే ఆరాక ఇస్త్రీ
- పూర్తిగా ఆరాకే మడత పెట్టడం, కొద్ది తడి ఉన్నా బూజు పడుతుంది

ఉతికినవి పాత దిండు గలీబుల్లో మూటలు కట్టి పెట్టండి, ఒక మూటలో ఐదు లంగోటీలు, ఒక పొత్తిగుడ్డ, ఒక జుబ్బా. ఒక మూట తీస్తే ఒక పూటకి సరిపోతుంది. రాత్రి నిద్రమత్తులో అర మొత్తం కెలకాల్సిన పని ఉండదు.

5. ఎన్ని కావాలి

పాలు బాగా తాగుతున్న బిడ్డ నాలుగైదు రోజులు దాటాక రోజుకి ఆరుసార్లు పైనే ఒంటేలు పోస్తుంది, దొడ్డికి కూడా చాలాసార్లు వెళ్తుంది, పాలు తాగినప్పుడల్లా వెళ్ళే పిల్లలు ఉంటారు. కాబట్టి రోజుకి 12 నుంచి 15 లంగోటీలు మారుతాయి. ఒక రోజువి వాడకంలో, ఒక రోజువి తీగ మీద, అలా లెక్కేసుకోండి.

- లంగోటీలు: 30 (వానాకాలం కాన్పు అయితే 40, మా బాబు అప్పుడు రెండు రోజులైనా ఆరక ఫ్యాను కింద కుర్చీల మీద వేశాం)
- పొత్తిగుడ్డలు: 8
- ముందు ముడి వేసే జుబ్బాలు: 6 నుంచి 8
- కింద పరిచే చిన్న పక్క గుడ్డలు: 10
- రబ్బరు షీట్లు లేదా డ్రై షీట్లు: 2
- పలుచటి బొంతలు: 3
- మూతి తుడిచే మెత్తటి చిన్న ముక్కలు: 12
- మెత్తటి తువ్వాళ్ళు: 3
- నూలు టోపీలు: 2, సాక్సులు: 2 జతలు

తల మీద నుంచి వేసే బనియన్లు మొదటి నెలలో వద్దు. మెడ నిలవని బిడ్డకి అవి వేయడం కొత్త అమ్మలకి భయమే, బొడ్డు ఊడేదాకా ఇంకా ఇబ్బంది. పట్టు, వెల్వెట్, కుట్లున్న గౌన్లు బారసాలకి ఎలాగూ చుట్టాలు తెస్తారు, మీరు కొనకండి.

ఆదిలాబాద్ వైపు చలికాలం కాన్పు అయితే ఉన్ని స్వెట్టర్లు రెండు కలపండి, కానీ లోపల నూలు జుబ్బా వేశాకే. మే నెలలో పుట్టిన మా పాపకి, పుట్టిన మొదటి రోజున, ఆ తర్వాత ఏసీ గదిలో తప్ప టోపీ పెట్టలేదు. ఎండాకాలం టోపీ, సాక్సు, బొంత, పైన దుప్పటి వేసి ఒళ్ళు కాలుతోందని కంగారుపడి హాస్పిటల్‌కి పరిగెత్తేవాళ్ళు ఉన్నారు. మీకు ఎన్ని పొరలు కావాలో బిడ్డకి దానికంటే ఒక్క పొర ఎక్కువ, మండే ఎండల్లో ఆ ఒక్కటి కూడా అక్కర్లేదు. బిడ్డ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి, చేతులూ కాళ్ళూ కొద్దిగా చల్లగా ఉండడం మామూలే, ఛాతీ చల్లగా ఉంటే బట్ట చాలలేదు, మెడ వెనక చెమట పడితే ఎక్కువైంది.

6. డైపర్లు

వద్దని నేను అనను. హాస్పిటల్లో రెండు రోజులు, రాత్రిళ్ళు, ప్రయాణాలప్పుడు అవి లేకపోతే బాలింత నడుం విరిగిపోతుంది. కానీ చిన్న సైజు ఒకే ఒక్క చిన్న ప్యాకెట్ కొనండి. ఆఫర్ ఉందని 70, 80 ఉన్న ప్యాకెట్లు రెండు తెచ్చుకుంటే బిడ్డ నెల తిరిగేసరికి బరువు పెరిగి ఆ సైజు బిగుతైపోతుంది, ఒక్కోసారి ఆ కంపెనీది ఒంటికి పడదు కూడా.

నిండినా నిండకపోయినా మూడు నాలుగు గంటలకోసారి మార్చండి, దొడ్డికి వెళ్తే వెంటనే. డైపరు పై అంచు బొడ్డుకి కిందికి మడిచి పెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు. తుడవడానికి గోరువెచ్చని నీళ్ళు, దూది లేదా మెత్తటి గుడ్డ చాలు, ఆడపిల్ల అయితే ముందు నుంచి వెనక్కే తుడవాలి.

7. బిడ్డ పక్క

బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. మెత్తగా దిగబడే దూది పరుపు, చుట్టూ దిళ్ళు, బొమ్మలు వద్దు, ముక్కుకి అడ్డం పడితే బిడ్డ తల తిప్పుకోలేదు.

ఆవాల దిండు గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. తల గుండ్రంగా రావాలని మన అమ్మమ్మలు అందరూ వాడారు, నేనూ ఆ దిండు మీదే పడుకుని ఉంటాను. అయినా ఇప్పుడు డాక్టర్లు ఏ దిండూ వద్దంటున్నారు, ఆ మాటే వినండి. తల ఒక వైపు అణగకుండా ఉండాలంటే ఒక రాత్రి తల అటు, ఒక రాత్రి ఇటు పెట్టి పడుకోబెట్టండి, పగలు మెలకువగా ఉన్నప్పుడు మీరు చూస్తుండగా కాసేపు బోర్లా పడుకోబెట్టండి.

చీర ఉయ్యాల కట్టేవాళ్ళు పగలు, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే వాడండి, మొదటి వారాల్లో బిడ్డ అందులో ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందదు. రాత్రి నిద్రకి అది వద్దు.

గదికి:

- గొడుగులా తెరుచుకునే దోమతెర ఒకటి. కాయిల్స్, అగరబత్తీలు ఆ గదిలో వెలిగించొద్దు
- కళ్ళలో పడని చిన్న లైటు
- గది 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు, ఫ్యాను గాలి నేరుగా ముఖం మీద పడకుండా
- మంచం పక్కన మూత ఉన్న బకెట్లు రెండు, ఒంటేలు గుడ్డలకి ఒకటి, దొడ్డి గుడ్డలకి ఒకటి
- చేతులు కడుక్కునే సబ్బు గది గుమ్మం దగ్గరే. చూడ్డానికి వచ్చేవాళ్ళకి మీరు చెప్పలేరు, ఆ పని మీ ఆయనకి అప్పగించండి

8. స్నానం, నూనె, బొడ్డు

మొదటి 24 గంటలు స్నానం చేయించొద్దు, ఒళ్ళు చల్లబడిపోతుంది. బొడ్డు ఊడేదాకా, అంటే వారం నుంచి రెండు వారాల దాకా, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి తుడిస్తే చాలు. బొడ్డు మీద ఏమీ పెట్టకూడదు. పసుపు, బూడిద, నూనె, పౌడరు, ఏదీ. పొడిగా, గాలి తగిలేలా వదిలేయడమే వైద్యం. చుట్టూ ఎర్రబడినా, చీము, వాసన వచ్చినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

కొనాల్సినవి కొంచెమే: వెడల్పు టబ్బు, చెంబు, వాసన లేని మామూలు కొబ్బరి నూనె చిన్న సీసా, బేబీ సబ్బు ఒకటి. సున్నిపిండి మీకు పనికొస్తుంది, అప్పుడే పుట్టిన బిడ్డ చర్మానికి గరుకు.

నీళ్ళు పోయడానికి ఒక పెద్దావిడని మాట్లాడుకునే అలవాటు మనకుంది కదా, ఆవిడ వచ్చే ముందే మాట్లాడాల్సినవి మాట్లాడేయండి: ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు, నోటితో ఊదొద్దు, ముక్కు తల పిండొద్దు, పొగలు కక్కే నీళ్ళు వద్దు, నీళ్ళు మీ మోచేతితో చూశాకే పోయాలి. మొదటి రోజు మొహమాటపడి ఊరుకుంటే తర్వాత చెప్పలేరు. సాంబ్రాణి పొగ బిడ్డకి పట్టకండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు, మీ జుట్టు ఆరబెట్టుకోవాలంటే వేరే గదిలో.

కాటుక కళ్ళకి వద్దు, దిష్టి చుక్క పెట్టాలని అత్తమ్మ పట్టుబడితే అరికాల్లో పెట్టించండి. ఆ రాజీకి మా ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

9. పాల విషయంలో కొనకూడనివి

పాలడబ్బా, పాలసీసా, పాసిఫయర్ ముందే కొని ఇంట్లో పెట్టకండి. మన దేశంలో 1992 చట్టం ప్రకారం పాలడబ్బాలకి ప్రకటనలు, ఉచిత శాంపిళ్ళు కూడా నిషేధం, అంత సీరియస్ విషయం ఇది. ఇంట్లో డబ్బా ఉంటే రెండో రోజు రాత్రి బిడ్డ ఏడవగానే "పాలు చాలట్లేదు" అని ఎవరో ఒకరు కలిపేస్తారు. నిజంగా అవసరమైతే డాక్టరే రాస్తారు, మెడికల్ షాపు ఎక్కడికీ పోదు.

పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి, సిజేరియన్ అయినా నర్సు సాయంతో పట్టించొచ్చు. ముర్రుపాలు చెంచాడే వస్తాయి, ఆ చెంచాడే సరిపోతాయి. తేనె, పంచదార నీళ్ళు, వస, గ్రైప్ వాటర్, ఇవేవీ బ్యాగులో పెట్టకండి. తేనె ఏడాది నిండేదాకా ఇవ్వకూడదు, దాంట్లో ఉండే ఒక క్రిమి వల్ల పసిపిల్లలకి ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

కావాల్సింది మీకే: ముందు తెరుచుకునే నైటీలు, ఫీడింగ్ బ్రాలు రెండు మూడు, చేతి కింద పెట్టుకోవడానికి గట్టి దిండు, పక్కనే మంచినీళ్ళ సీసా. స్టీలు ఉగ్గుగిన్నె ఒకటి మరిగించి పెట్టుకోవచ్చు, బిడ్డ పట్టలేకపోతే పిండిన తల్లిపాలు దాంతో పోస్తారు.

10. హాస్పిటల్ బ్యాగులు

ఒకే పెద్ద సూట్‌కేసు వద్దు. రంగు వేరుగా ఉన్న మూడు బ్యాగులు పెట్టండి, "ఎర్ర బ్యాగు తేవే" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

బిడ్డ బ్యాగు:

- పైనే, చేతికి తగిలేలా ఒక కవరులో: పొత్తిగుడ్డలు 2, తువ్వాలు 1, జుబ్బా 1, టోపీ 1, లంగోటీ 2. కాన్పు గదిలోకి నర్సు అడిగేది ఇదే
- దాని కింద మూటలు మూడు, రబ్బరు షీటు, చిన్న డైపర్ ప్యాకెట్, దూది
- ఇంటికి వచ్చే రోజు వేసే జత

అమ్మ బ్యాగు:

- నైటీలు 4, లోపలి లంగాలు 2
- పెద్ద సైజు ప్యాడ్లు 2 ప్యాకెట్లు, మొదటి రోజుల్లో రక్తస్రావం ఎక్కువ ఉంటుంది, తర్వాత తగ్గుతూ ఆరు వారాల దాకా ఉండొచ్చు
- నడుం పైకి వచ్చే నూలు లోదుస్తులు 6, సిజేరియన్ అయితే కుట్టు మీద ఎలాస్టిక్ ఆనకూడదు
- తువ్వాళ్ళు, చెప్పులు, బ్రష్షు, దువ్వెన, శాలువా, చెవులకి స్కార్ఫు
- రోజూ వేసుకునే మందులు

తోడు ఉండేవాళ్ళ బ్యాగు:

- ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, ప్లేటు, చెంచాలు
- సర్కారు దవాఖానా అయితే బకెట్టు, చెంబు, చాప, దుప్పటి
- ఫోను చార్జరు, పొడుగు వైరు, తడి బట్టలకి కవర్లు
- చిల్లరతో సహా కొంత నగదు

నార్మల్ అయితే రెండు మూడు రోజులు, సిజేరియన్ అయితే నాలుగైదు రోజుల నుంచి వారం దాకా ఉండాల్సి వస్తుంది. మిగిలిన రెండు మూటలు ఇంట్లో ఎక్కడున్నాయో ఒకరికి చూపించి పెట్టండి. అసలు బ్యాగులు సర్దడం అయిపోయాక మీ ఆయన్ని కూర్చోబెట్టి ఆయన చేతే ఒకసారి మొత్తం తీయించి మళ్ళీ పెట్టించండి. మీరు లేబర్ రూములో ఉన్నప్పుడు వెతకాల్సింది ఆయనే.

11. కాగితాల ఫైలు

బ్యాగుల్లో కలపకుండా ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టి తలుపు పక్కన మేకుకి తగిలించండి.

- తల్లీబిడ్డ రక్షణ కార్డు, అదే ఏఎన్ఎమ్ నర్సు ఇచ్చేది
- టిఫాతో (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) సహా అన్ని స్కాన్ రిపోర్టులు వరుసగా, రక్త పరీక్షలు
- భార్యాభర్తలిద్దరి ఆధార్ జిరాక్సులు, రేషన్ లేదా ఆరోగ్యశ్రీ కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే అదీ
- బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సు
- మీ బ్లడ్ గ్రూపు, అదే గ్రూపు ఉన్న ఇద్దరి ఫోను నంబర్లు

మీది నెగటివ్ గ్రూపు అయితే ఫైలు మీదే పెద్ద అక్షరాలతో రాయండి. బిడ్డ గ్రూపు పాజిటివ్ వస్తే మీకు కాన్పు అయిన 72 గంటల్లోపు యాంటీ డి ఇంజెక్షన్ పడాలి, ఆ హాస్పిటల్లో అది దొరుకుతుందా అని ముందే కనుక్కోండి.

బిడ్డకి పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్, బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయాలి. వేశారా అని అడిగి కార్డులో రాయించుకునే బాధ్యత ఒకరికి ఇవ్వండి.

ఇంకోటి, ఒక చీటీ మీద మీ ఇద్దరి పేర్లు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే, అడ్రస్‌తో సహా ఇంగ్లీషులో రాసి ఫైలులో పెట్టండి. జనన ధ్రువపత్రానికి హాస్పిటల్ వాళ్ళు వివరాలు అడిగేటప్పుడు ఎవరో కంగారులో నోటితో చెప్పేస్తారు, తర్వాత ఒక్క అక్షరం దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. జననం 21 రోజుల్లోపు నమోదు కావాలి, బిడ్డ పేరు తర్వాత చేర్చుకోవచ్చు.

అమెరికాలో కాన్పు అయ్యేవాళ్ళకి దీనికి తోడు కార్ సీటు. అక్కడ చట్ట ప్రకారం బిడ్డ కార్లో కార్ సీటులోనే ఉండాలి, వెనక్కి తిరిగి ఉండేలా 36 వారాలకే బిగించి పెట్టుకోండి. ఇక్కడి నుంచి వెళ్ళే అమ్మ పెట్టెలో పాత నూలు చీరలు రెండు పెట్టించుకోండి, అక్కడ దొరకనివి అవే.

12. ఎక్కువగా జరిగే తప్పులు, వెంటనే చేయాల్సినవి

బట్టలు అన్నీ ఒకే సైజు కొన్నారు: చీటీ తీయకుండా ఉన్నవి మార్చేయండి, మూడు నెలల సైజు నాలుగు తీసుకోండి.

నెలలు నిండకుండా నొప్పులు వచ్చాయి, ఏదీ రెడీ లేదు: శుభ్రంగా ఉన్న పంచె ఒకటి, నూలు చీర ఒకటి వేడి ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళండి. చిన్న బిడ్డకి అన్నిటికంటే మీ ఒంటి వేడే మందు, ఛాతీకి ఆనించి పెట్టుకోమని డాక్టర్లే చెప్తారు.

చుట్టాలు పెట్టిన పాత బిడ్డ బట్టలు ఉన్నాయి: తీసుకోండి, మంచివే, కానీ ఎలాస్టిక్ వదులైనవి, బొత్తాలు ఊడిపోయేవి తీసేసి మళ్ళీ ఉతకండి.

మొలతాడు, పూసలు, వస గొలుసు బిగుతుగా కట్టారు: బిడ్డ రోజురోజుకీ పెరుగుతుంది, వేలు దూరేంత వదులు లేకపోతే విప్పేయండి. మెడలో ఏదీ వద్దు.

థర్మామీటర్ లేదు: ఇది మాత్రం తప్పకుండా ఉండాలి, డిజిటల్‌ది ఒకటి చాలు. చంకలో పెట్టి చూస్తే 97.7 నుంచి 99.5 (ఫారెన్‌హీట్) దాకా మామూలు. 100.4 ఉన్నా, దాటినా పసిబిడ్డకి ఇంట్లో మందు వేయొద్దు, నేరుగా హాస్పిటల్‌కే. ఒళ్ళు చల్లబడినా, పాలు తాగకపోయినా అంతే.

13. నొప్పులు మొదలైనప్పుడు, ఇంటికి తెచ్చేటప్పుడు

ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలికలు తగ్గినా, తల తిరిగి చూపు మసకబారినా నొప్పుల కోసం ఆగొద్దు, బయల్దేరండి. బండి నంబరు, 108, ఆశా అక్క నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. రాత్రిపూట ఏ దారిలో వెళ్ళాలో, గేటు తీసి ఉంటుందో లేదో ఒకసారి ముందే చూసి రమ్మనండి.

మీరు హాస్పిటల్లో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళు చేయాల్సింది: గది తడిగుడ్డతో తుడవడం, పక్క పరిచి దోమతెర పెట్టడం, బకెట్లు సర్దడం, మూటలు రెండు మంచం పక్కన పెట్టడం, రెండో విభాగంలో చెప్పిన కాగితం తీసుకుని షాపుకి వెళ్ళి తెచ్చి, ఆ సాయంత్రమే ఉతికి ఆరేయడం.

ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడు, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డ బరువు, బొడ్డు, పాలు చూస్తుంది. మొదటి వారంలో బిడ్డ కొంచెం బరువు తగ్గుతుంది, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తుంది, ఆమె తెచ్చే కాటా మీద ఆ లెక్క చూపించమని అడగండి. మొదటి రాత్రి మాత్రం మంచం పక్కన స్టూలు మీద ఇవి ఉన్నాయో లేదో పడుకునే ముందు ఒకసారి చూసుకోండి: ఒక మూట, దూది, గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు, చిన్న గిన్నె, మీకు మంచినీళ్ళు, రెండు బిస్కెట్లు.